తూర్పుకే తిప్పమంది

నలభై ఏళ్లుగా అమెరికాలోని మా నవాహో తెగ నేల మీదుగా, నానబా అత్త గొర్రెల దొడ్డి మీదుగా కరెంటు తీగలు పట్నాలకు పోతూనే ఉన్నాయి. ఒక్కటీ ఆమె ఇంటివైపు తొంగి చూడలేదు. మామయ్య ఆ కరెంటు పుట్టే బొగ్గు ప్లాంటులోనే రాత్రి డ్యూటీలు చేసి చేసి, దగ్గి దగ్గి పోయాడు.

నేను సోలార్ పలక బిగించడానికి వెళితే తూర్పుకు తిప్పమంది.

"దక్షిణానికి పెడితే కరెంటు ఎక్కువొస్తుంది అత్తా."

"మన గుమ్మాలన్నీ తూర్పుకే కదే. నీ పలకకేమన్నా కొమ్ములున్నాయా?"

తూర్పుకే తిప్పాను. మర్నాడు పొద్దున చూస్తే, గుమ్మంలోంచి ఎండ పడుతున్నా మగ్గం మీద బల్బు వెలుగుతోంది.

"పట్టపగలు లైటెందుకు అత్తా?"

పోయినవాళ్ల పేరు మాలో పలకరు. "డ్యూటీ దిగి వచ్చే వేళ కదే," అంది. "మనింట్లోనూ లైటుందని చూడొద్దూ?"