మామగారి ఫొటోకు కాగితం దండ

గుండె ఆపరేషన్ చేయించుకున్న మా మామగారు తిరుపతి నుంచి జమ్మలమడుగుకు ఇంటికొచ్చే రోజది. కొత్త కోడలిని కదా, ఏదైనా చేసి మెప్పించాలనుకున్నాను. నల్ల అట్ట మీద ఇంటిల్లిపాది ఫొటోలు అంటించి, మధ్యలో ఆయన ఫొటో పెట్టాను. పసుపు కాగితాలతో బంతిపూలు చేసి దండ గుచ్చాను.

స్టూలెక్కి అట్టను గోడకు తగిలించి, ఆయన ఫొటో చుట్టూ దండ వేసి మేకుకు ముడేశాను. అప్పుడే పక్కింటి రమణమ్మత్త వచ్చింది. ఫొటో చూసి గడపలోనే కూలబడింది.

"అన్న ఎప్పుడు పాయ పాపా? మాకొక మాటన్నా జెప్పలేదే" అని ఏడుపు అందుకుంది.

బతికున్న మనిషి ఫొటోకు దండ వేశానని అప్పటికి గాని నాకు తట్టలేదు. పీకబోతే ముడి బిగుసుకుంది. ఏడుపు విని వీధి వీధంతా లోపలికొచ్చి స్టూలు చుట్టూ నిలబడింది. దండ ఊడదు, దిగడానికి దారి లేదు. ఇంతలో వాకిట్లో ఆటో ఆగింది.

మామగారు మెల్లగా లోపలికొచ్చి ఫొటో వైపు, నా వైపు చూశారు. ఆయన బల్ల మీది నా కత్తెర తీసుకుని దారం కత్తిరించి, దండ నా చేతికిచ్చి తల వంచారు.

"బతికినోనికి గోడ మీద కాదుమ్మా, మెడలో ఎయ్యల్ల" అన్నారు.

స్టూలు మీద నుంచే ఆయన మెడలో వేశాను.

ఆ దండను ఆయన మందుల డబ్బాలో దాచుకున్నారు. మాత్ర వేసుకోనని మొండికేస్తే, గోడ మీది మేకు వైపు చూస్తాను.