యాదగిరన్న ఎక్కడున్నాడో సైట్‌లో రాశాను, ఎవరూ చూడలేదు

నిన్న సాయంత్రం నాలుగున్నరకు యాదగిరన్న నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే "ఎన్నిసార్లు చెయ్యాలన్నా నీకు!" అని అరిచాను.

అవతల యాదగిరన్న కాదు. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ వార్డెన్.

"అక్కా, ఈ ఫోనాయన మా టెర్రస్ మీద పడిపోయిండు. పలుకుతలేడు. జర జల్ది రండి."

చిక్కడపల్లి నుంచి పది నిమిషాలు. ఆటో ఎక్కానో, పరిగెత్తానో గుర్తు లేదు. వెళ్లేసరికే అయిపోయింది. గుండెపోటు అన్నారు.

పొద్దున్నుంచి ఇది రాయడం, చెరపడం. మూడోసారి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. చిక్కడపల్లిలో మాది చిన్న ఇంటర్నెట్ ఆఫీస్. నేను కంప్లైంట్లు తీసుకుంటాను. యాదగిరన్న లైన్‌మన్. పాలమూరు నుంచి కేబుల్ గోతులు తవ్వే కూలికి వచ్చి, అదే కేబుల్ అతికించడం నేర్చుకున్న మనిషి. మా వైర్లు ఎక్కువ టెర్రస్‌ల మీదుగానే పోతాయి. ఆయన రోజంతా ఎక్కడం, దిగడం.

ఒకసారి నారాయణగూడలో ఆయన పైన పని చేస్తుంటే, ఇంటివాళ్లు చూసుకోకుండా టెర్రస్ తలుపుకు తాళం వేసి పెళ్లికి పోయారు. ఫోన్‌లో చార్జింగ్ లేదు. మిట్టమధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పైనే.

మర్నాడు వచ్చి "చెల్లె, ఇగ ఎక్కే ముందు నీకు చెప్త. మన సైట్ల రాయి. దిగినంక గూడ రాయి" అన్నాడు.

అప్పటినుంచి ఆయన చెప్పింది చెప్పినట్టే టైప్ చేసేదాన్ని. "ఫలానా గల్లీ, మూడో అంతస్తు పైన ఉన్న. గంటల అయితది." అంటే గంటలో అయిపోతుందని. కిందికొచ్చాక ఒక్కటే మాట.

"దిగిన."

ఆ సైట్ నా బల్ల కింద ఉన్న పాత కంప్యూటర్‌లో ఉండేది. బయటి నుంచి మా ఆఫీసుకొచ్చే మెయిన్ లైన్ తెగినా, ఆఫీసు నుంచి ఇళ్లకు పోయే వైర్లు బాగానే ఉంటాయి కదా. అందుకని ఇంకేదీ ఓపెన్ కాకపోయినా మా సైట్ మాత్రం ఓపెన్ అయ్యేది. ఎక్కడ తెగిందో, ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి నెట్ పోగానే జనం అది చూసేవాళ్లు.

చూసి ఊరుకునేవాళ్లా! మా బిల్డింగ్ మీదే ఉన్నాడట అని ఎవరో ఒకరు నీళ్లో, చాయో పట్టుకుని పైకెక్కేవాళ్లు. ఒకరోజు మూడిళ్ల నుంచి మూడు చాయ్‌లు.

"ఇట్లయితే షుగరొస్తది చెల్లె, చాయ్ వద్దని రాయి" అన్నాడు. నిజంగానే రాశాను. మజ్జిగ వచ్చింది.

ఆ కంప్యూటర్ మమ్మల్ని ఏడిపించింది కూడా. పోయిన వానాకాలం బ్యాటరీ పాడై రెండు రోజులు సైటే లేదు. జనం ఆఫీసు మెట్లెక్కి వచ్చి మరీ తిట్టారు. అందుకే రెండు నెలల కిందట మా ఓనర్ సార్ "క్లౌడ్‌లో పెట్టేద్దాం" అనగానే, అందరికంటే ముందు సరే అన్నది నేనే.

యాదగిరన్న ఒక్కడే ఒప్పుకోలేదు. "ఎక్కడనో ఎవరి కంప్యూటర్లనో పెడ్తే, మన లైన్ తెగిన్నాడు మనోళ్లకు ఎట్ల కనపడతది?"

"అందరి ఫోన్లల్ల డేటా ఉంటదన్నా. నువ్వు ఊకె పరేషాన్ కాకు."

"సరే తల్లీ, సదువుకున్నోళ్లు మీరు" అని నవ్వాడు.

నిన్న అశోక్‌నగర్‌లో ఆ హాస్టల్ మీదుగా వచ్చే మా మెయిన్ లైన్ తెగింది. రెండింటికి ఫోన్ చేశాడు. హాస్టల్ పేరు చెప్పాడు, టెర్రస్ అన్నాడు, గంటల అయితది అన్నాడు. నా మొబైల్ డేటాతో సైట్‌లో రాశాను.

నేను రాసింది ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. మా వైఫై మీద ఉన్న ఆ హాస్టల్ వాళ్లు తప్ప. ఫోన్‌లో డేటా ఉన్నవాళ్లూ చూడలేదు. నెట్ పోయినప్పుడల్లా సైట్ రాకపోవడంతో ఈ రెండు నెలల్లో ఆ అలవాటే పోయింది.

కింద గదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు, నెట్ ఎప్పుడొస్తుందిరా దేవుడా అని మమ్మల్ని తిట్టుకుంటున్నారు. పైన ఎండలో యాదగిరన్న ఉన్నాడని ఒక్కరికీ తెలియదు.

మూడింటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. రింగవుతోంది, ఎత్తడం లేదు. వైరు అతికించేటప్పుడు ఆయన ఎప్పుడూ ఎత్తడు. అదేలే అనుకున్నాను. లేచి వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఆరేసిన బట్టలు తీయడానికి ఎక్కిన అమ్మాయి చూసిందట.

"ముందే తెచ్చినా చెప్పలేం" అన్నారు డాక్టర్. యాదగిరన్న భార్యకు, మా వదినకు ఆ మాటే చెప్పాను, ఆమె మొహం చూడలేక నేల చూస్తూ. ఎప్పుడో ఒకరోజు అడుగుతుంది, "సైట్ల రాయలేదా సునీతా?" అని.

ఆ ప్రశ్నంటే భయంగా ఉంది. రాశానని చెప్పాలంటే ఇంకా భయంగా ఉంది.

నా ఫ్రెండ్స్‌లో ఇదే లైన్‌లో ఉన్నవాళ్లున్నారు. క్లౌడ్ తప్పని నేననను. పెట్టుకోండి, మీ ఆఫీసులో కరెంటు పోయినా అది ఉంటుంది. కానీ ఒక కాపీ మీ ఆఫీసు కంప్యూటర్‌లో, మీ వైర్ల మీదే అందేలా కూడా ఉంచండి. దండం పెడతాను.

సగంలో ఆగిన పని పూర్తి చేయడానికి ఈ రోజు పొద్దున మా ఇంకో లైన్‌మన్ శంకర్ అదే టెర్రస్ ఎక్కాడు. వద్దని ఎలా అంటాను?

బల్ల కింద నుంచి పాత కంప్యూటర్ లాగి ఆన్ చేశాను. రెండు నెలల కిందటి యాదగిరన్న ఆఖరి లైన్ అలాగే ఉంది. "దిగిన."

దాని కింద శంకర్ పేరు రాసి, వార్డెన్‌కు ఫోన్ చేసి సైట్ చూడమన్నాను. ఆమె నీళ్ల బాటిల్ పట్టుకుని పైకి వెళ్లింది. అయినా గంటసేపు నా ప్రాణం నా దగ్గర లేదు.

ఫోన్ మోగింది. "దిగిన అక్కా."

రాశాను.

నిన్నటి లైన్ మాత్రం ఇంకా క్లౌడ్‌లో ఉంది. "హాస్టల్ టెర్రస్ మీద ఉన్న. గంటల అయితది." సార్ తీసేయమన్నారు. నాకు చేతులు రావడం లేదు.

యాదగిరన్నా, ఇక నీకు ఎక్కే పని లేదు. నీడపట్టున నిమ్మళంగా ఉండు.