నూనె వేయని తాళం

ఇదివరకు సాయంత్రంపూట మా వీధి తలుపు లోపలి నుంచి తెరుచుకునేది. ఇప్పుడు బయటి నుంచి తెరుచుకుంటోంది. సంచీ కింద పెట్టి, తాళంచెవి దూర్చి, పళ్ళు బిగబట్టి తిప్పేది నేనే. లోపల గడియ తీసే మనిషి లేనప్పుడు ఇంకో దారేముంది.

మా ఆయన తాళంచెవులు చేసేవారు. మార్కెట్ మెట్ల కింద కొట్టు. ఆయన కూర్చుంటే నిండిపోయేది, లేస్తే ఖాళీ. అందరూ తాళాలాయన అనేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. పక్క వీధిలో మెషిన్ వచ్చాక కూడా ఆకురాయి పట్టుకుని చేత్తోనే అరగదీసేవారు. "మెషిన్ చెవిని చూసి చెవి చేస్తుంది. నేను తాళాన్ని చూసి చేస్తాను" అని గొప్ప. ఆ గొప్పంతా పోయి కుడి మోచేతిలో కూర్చుంది.

మొదట నీళ్ళ గ్లాసు ఎత్తితే నొప్పన్నారు. తర్వాత తడి తువ్వాలు పిండలేకపోయారు. చివరికి మా ఇంటి తాళమే తిప్పలేకపోయారు. తలుపులోనే బిగించిన తాళం అది, లోపల గడియ తీసినా బయట చెవి తిప్పినా తెరుచుకుంటుంది; మొదటి నుంచీ మొండిది. ఊళ్ళో సగం తలుపులు ఆయన చేసిన చెవులతో తెరుచుకుంటుంటే, ఆయన మాత్రం సొంత గుమ్మంలో నిలబడి తలుపు తట్టేవారు.

చెయ్యి నొప్పని అందరికీ తెలుసు. తాళం తిరగడం లేదన్నది మాత్రం మా ఇద్దరి మధ్యే ఉంది. తాళాలాయన తాళం తిప్పలేడని తెలిస్తే కొట్టుకి ఇంకెవరొస్తారని ఆయన భయం. కొట్టు పోతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తారని నా భయం.

ఎదురింటి పిన్నిగారు అరుగు మీంచి రోజూ అడిగేది. "ఏం బాబూ, ఇవాళ కూడా చెవి మర్చిపోయావా?"

"మా ఆవిడ ఎదురు రాకుండా ఇంట్లోకి వెళ్తే అన్నం సయించదు పిన్నిగారూ."

"అబ్బో! నీ ముచ్చట్లకేం గాని, ఆ మోచేతికి వేడి ఇసుక కాపడం పెట్టించు."

కాపడం పెట్టాం. ఒకరు గట్టిగా కట్టమన్నారు, కట్టాం. ఇంకొకరు కట్టు విప్పమన్నారు, విప్పాం. మోచెయ్యి ఉన్న ప్రతివాడూ వైద్యుడే. డాక్టరు సూది వేస్తే నొప్పి ఎగిరిపోయింది. ఆ సంబరంలో ఒక హాస్టల్లో గదులన్నిటికీ కొత్త చెవులు చేస్తానని ఒప్పుకున్నారు. పని పూర్తయ్యేలోపు ఆ నొప్పి చుట్టపక్కాలను వెంటేసుకుని మరీ తిరిగొచ్చింది.

అప్పుడు డాక్టరు ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపారు. ఇంకా చదువు వాసన వదలని పిల్ల.

"చేతిని దాచిపెట్టుకోకండి అంకుల్. కొద్దికొద్దిగా పని చెప్పండి. కుడిచేత్తో బరువు పట్టుకుని ఆ మణికట్టుని ఎడమచేత్తో పైకి లేపండి, తర్వాత కుడిచేత్తోనే మెల్లగా దించండి."

"దించడం కూడా వ్యాయామమేనా తల్లీ?"

"మీకు అదే మందు. కొంచెం నొప్పి ఉంటే ఫర్వాలేదు. మర్నాటికి పెరిగిందంటే బరువు తగ్గించండి. నెలలు పడుతుంది మరి."

బయటికి రాగానే ఆయన నవ్వారు. "నొప్పి తగ్గించమంటే, రోజుకింత నొప్పి వాడమంటుందేమిటే ఈ పిల్ల!"

వాడారు. ఇంట్లో బరువంటే ఒక పాత గోదాము తాళం దొరికింది. బల్ల అంచున ముంజేయి ఆనించి, దాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించేవారు. ఎక్కువ అరగదీయాల్సిన చెవులను మెషిన్ కొట్టుకే పంపేశారు. నొప్పికన్నా ఆ పంపడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఒకరోజు నేను కుట్టుమిషన్ నూనె సీసా పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళాను. "రెండు చుక్కలు వేస్తే పోయేదానికి రోజూ ఈ నాటకమెందుకండీ?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను! నూనె వేస్తే తాళం తిరుగుతుంది. నా చెయ్యి బాగైందో లేదో ఎవరు చెప్తారు?"

"డాక్టరు చెప్పడా?"

"ఆయన నన్నే అడుగుతున్నాడు కదే, ఎలా ఉందని!"

అదీ సంగతి. రోజూ ముందు చెవి పెట్టి చూసుకుని, తిరక్కపోతే అప్పుడు తట్టేవారన్నమాట. ఆ తర్వాత నేను వంటింట్లోంచి చెవొగ్గి వినేదాన్ని. తాళం సగంలో కీచుమనేది. కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. తర్వాత తలుపు మీద టకటక. నేనేమీ విననట్టు వెళ్ళి గడియ తీసేదాన్ని.

ఒక సాయంత్రం కీచుమన్నాక ఆగలేదు. టక్కుమంది. అలవాటుకొద్దీ నేను గడియ మీద చెయ్యి వేసేసరికి తలుపు నా మీదికే వచ్చింది. గుమ్మంలో ఆయన, కుడిచేతిలో చెవి.

"ఎవరు కావాలండీ?" అన్నాను.

"తాళాలు బాగుచేస్తానమ్మా. పనేమైనా ఉందా?"

"ఉంది. ఈ తాళానికి నూనె వెయ్యాలి."

"ఆదివారం వేస్తాలే."

ఆ ఆదివారం ఆయనకు రాలేదు. గుండె ఆగిపోయింది. మోచేతికి ఊరంతా వైద్యం చెప్పింది. గుండె మాట ఎవరూ ఎత్తలేదు. అదీ ఎప్పుడూ నొప్పి అన్న పాపాన పోలేదు. చూడవచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. "చెయ్యి కూడా బాగైపోయిందటగా, పాపం!"

మొన్న మా మరిది వచ్చాడు. నా సంచీ అందుకుని, చెవి తీసుకుని తాళంతో కాసేపు కుస్తీ పట్టాడు.

"ఇదేం తాళం వదినా! మిషన్ నూనె ఉందా? రెండు చుక్కలు వేసిపోతాను."

"అయిపోయింది బాబూ."

"రోజూ ఇలా తిప్పితే మీకూ మోచెయ్యి పట్టేస్తుంది."

"పట్టేస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసులే. నువ్వు లోపలికి రా."

కుట్టుమిషన్ సొరుగులో సీసా మూతదాకా ఉంది. గోదాము తాళం ఇంకా బల్ల అంచునే ఉంది. వీధి తాళం సగంలో కీచుమంటుంది, నేను కాసేపు ఆగుతాను, మళ్ళీ తిప్పుతాను.