పద్నాలుగు బంతులు

మా అబ్బాయి బేస్‌బాల్ జట్టులో చేరిన ఏడు, తల్లిదండ్రులందరూ తలా ఒక పని తీసుకోవాలన్నారు. ఒకాయన మైదానంలో సున్నంతో గీతలు గీస్తానన్నాడు. ఇంకొకావిడ నీళ్లూ పళ్లూ తెస్తానంది. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని, ఈ ఆట సరిగ్గా తెలియదు. అందుకని బంతులు లెక్కపెట్టే పని నాకిచ్చారు. అరచేతిలో ఇమిడే చిన్న కౌంటర్ ఉంటుంది. మన పిచ్చర్ బంతి వేసినప్పుడల్లా బొటనవేలితో ఒకసారి నొక్కాలి. అంతే.

అంతే అనుకున్నాను గానీ, ఆ నొక్కు మీద చాలా ఆధారపడి ఉండేది. పిల్లల చేతులు పాడవకూడదని మా లీగ్‌లో ఒక నియమం పెట్టారు. ఆ వయసు పిల్లలు ఒక ఆటలో ఎనభై అయిదు బంతులకు మించి వేయకూడదు. ఆట మొదలుపెట్టిన పిచ్చర్‌ని ఎప్పుడు దింపాలన్నదే మా కోచ్‌కి ఎప్పుడూ బెంగ. ఆయన రిటైరైన స్కూలు టీచరు. మోచెయ్యి కిందికి జారుతోందా, బంతి వదిలాక కాలు తడబడుతోందా అని కళ్లు చికిలించుకుని చూసేవాడు. దగ్గరికెళ్లి పిల్లల్నే అడిగేవాడు. వాళ్లెప్పుడూ "అయామ్ ఫైన్" అనే అంటారు గనక ఆ మాట నమ్మేవాడు కాదు. చివరికి కంచె ఇవతల కూర్చున్న నా వైపు తిరిగి, "నంబర్ ఎంత?" అనేవాడు. నేను చెప్పిన నంబర్‌ని ఏనాడూ రెండోసారి అడగలేదు.

మా మొదటి పిచ్చర్ ఒక అమ్మాయి. జట్టు మొత్తానికి ఒక్కతే అమ్మాయి, తెలుగువాళ్లే. అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లోనే, మాకు రెండు వీధుల అవతల ఉంటారు. వాళ్లమ్మ నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. నాకు మీటింగులున్న రోజుల్లో మా వాణ్ని కూడా ఆవిడే తన కార్లో ప్రాక్టీస్‌కి తీసుకెళ్లేది.

మా వాడూ పిచ్చరే, కాకపోతే రెండోవాడు. ఆ అమ్మాయి దిగితేనే వీడికి అవకాశం. ఆమె తక్కువ బంతుల్లో పని ముగించేసేది కాబట్టి దిగాల్సిన అవసరం దాదాపు వచ్చేది కాదు. సీజన్ మొత్తంలో మావాడికి దొరికినవి రెండు మూడు ఇన్నింగ్సే, అవీ అప్పటికే చేజారిపోయిన ఆటల్లో. ఇంటికొచ్చేటప్పుడు గ్లవ్ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. ఒక్కసారి నోరు తెరిచి విసుక్కున్నా నాకు తేలిగ్గా ఉండేది. విసుక్కోలేదు.

సీజన్ చివరి ఆట ఒక శనివారం పొద్దున జరిగింది. మరుసటి ఏడు నుంచి ఆ అమ్మాయి ఆడపిల్లల సాఫ్ట్‌బాల్‌కి మారిపోతోంది. అంటే బేస్‌బాల్‌లో ఆమెకదే ఆఖరు. నంబర్ అనుమతిస్తే ఆరు ఇన్నింగ్సూ నువ్వే వెయ్యి అని కోచ్ ముందే మాటిచ్చాడు. వాళ్లమ్మ నా పక్కనే మడత కుర్చీ వేసుకుని కూర్చుంది.

మూడో ఇన్నింగ్స్‌లో బ్యాట్ అంచుకి తగిలిన బంతి ఒకటి కంచె మీదికి దూసుకొచ్చింది. నేను తల వంచాను. ఆ కంగారులో వేలు రెండుసార్లు పడింది. ఆ కౌంటర్‌ని వెనక్కి తిప్పడానికి లేదు. తర్వాతి బంతికి నొక్కకుండా వదిలేస్తే లెక్క సరిపోతుందని అనుకున్నాను. తర్వాతి బంతి వచ్చింది. నొక్కాను.

మొదటిది పొరపాటు. మిగతావేవీ పొరపాట్లు కావు. నాలుగో ఇన్నింగ్స్‌లో కొన్ని, అయిదో ఇన్నింగ్స్‌లో ఇంకొన్ని. ఎవరూ చూడట్లేదు. చూసినా, జేబులో చెయ్యి పెట్టుకున్న మనిషే కనిపిస్తాడు.

అవతలి జట్టు తరఫున కూడా ఒకావిడ లెక్క రాస్తోంది. ఒళ్లో పసిబిడ్డ, చేతిలో పెన్సిల్. ఇన్నింగ్స్ అయ్యాక ఇద్దరం సరిచూసుకోవాలి. నాలుగో ఇన్నింగ్స్ తర్వాత వచ్చి, "నాకు యాభై అయిదు" అంది.

"నాకు అరవై రెండు" అన్నాను.

"ఓ గాడ్, వీడితో కొన్ని మిస్సయినట్టున్నాను. సారీ!" అని ఏడు గీతలు అదనంగా గీసుకుంది. పరవాలేదన్నాను. ఆమె సరిగ్గా లెక్కపెట్టింది, తప్పయిందంటోంది, నేను క్షమిస్తున్నాను. అయిదో ఇన్నింగ్స్ అయ్యాక ఆమె తన కాగితం చూసుకోనే లేదు. నా నంబరే అడిగి రాసుకుంది.

అప్పటికి మావి మూడు పరుగులు, వాళ్లది ఒకటి. ఇంకొక్క ఇన్నింగ్స్ ఆపితే చాలు. కోచ్ కంచె దగ్గరికొచ్చాడు.

"నంబర్?"

"ఎనభై అయిదు."

ఆయన వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని చూశాడు. "చెయ్యి చూస్తే అలా లేదే" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. కానీ వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నా పక్కన వాళ్లమ్మ, "అయ్యో, అప్పుడే అయిపోయాయా అన్నయ్యా?" అంది.

ఆ అమ్మాయి నేరుగా నా దగ్గరికొచ్చింది. "అంకుల్, నాకు సెవెంటీ వన్ వచ్చింది. నేను మైండ్‌లో కౌంట్ చేస్తా ఎప్పుడూ."

కంచె సందులోంచి కౌంటర్ చూపించాను. ఆమె వంగి చూసింది.

"ఓకే అంకుల్. నేనే రాంగ్ ఏమో" అంది. వెళ్లి బంతిని మా వాడి చేతిలో పెట్టి, వాడి చెవిలో ఏదో చెప్పింది. మొదట వచ్చేవాడు కిందికి వేసిన బంతులకి మోసపోతాడని చెప్పిందని తర్వాత తెలిసింది.

మావాడు బాగానే వేశాడు. ఒక పరుగు ఇచ్చాడు. చివరి బ్యాటర్‌ని మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేశాడు. పిల్లలందరూ వాడి మీద పడిపోయారు, అందరికంటే ముందు ఆ అమ్మాయే. "అన్నయ్యా, మీవాడు భలే వేశాడు, నిలబడండి ఫొటో తీస్తా" అంది వాళ్లమ్మ. వాడి భుజం చుట్టూ ఒక చెయ్యి వేసి నిలబడ్డాను. రెండో చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

నాలుగు రోజుల తర్వాత ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర దగ్గర ఆవిడ కనిపించింది. అమ్మాయి ఎలా ఉందని అడిగాను.

"ఏం చెప్పమంటారు అన్నయ్యా! నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంటోంది. ఏ బ్యాటర్‌కి ఎన్ని వేసిందో గుర్తు చేసుకుని రాస్తోంది. ఎక్కడ వేస్ట్ చేశానమ్మా, లెక్క కుదరట్లేదు అంటోంది. ఆట అయిపోయింది కదే, వదిలెయ్ అంటే వినదు."

బుట్ట అక్కడే పెట్టేసి కార్లో కూర్చుని కోచ్‌కి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. "ఆమె చెయ్యి బాగానే ఉందని నాకు కనిపిస్తూనే ఉంది. అయినా మీ మాట మీద దింపాను. ఆ నిర్ణయం నాదే" అన్నాడు. తిట్టుంటే బాగుండేది. "ఆమెకి మాత్రం నేను చెప్పను. మీరే చెప్పండి" అని పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే వెళ్లాను. వాళ్లమ్మ కాఫీ పెడతానంది, వద్దన్నాను. అమ్మాయిని పిలవమని అడిగాను. ఇద్దరి ముందూ చెప్పాను. నీ లెక్కే సరైనది, డెబ్బై ఒకటే. మిగతావి నేను కావాలని నొక్కాను. మావాణ్ని ఆడించాలని.

వాళ్లమ్మ నన్ను చూడ్డం మానేసి నేలకేసి చూడసాగింది.

"సో, ఇంకా ఫోర్టీన్ ఉండేవా నాకు?" అంది అమ్మాయి.

"ఉండేవమ్మా."

ఆమె లోపలికెళ్లిపోయింది. నేను చెప్పులేసుకుంటుంటే మళ్లీ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వాడికి తెలుసా?"

"తెలీదు."

"చెప్పొద్దు అంకుల్. లాస్ట్ కిడ్‌ని వాడే అవుట్ చేశాడు. ఇంక స్కూల్‌లో నాతో వియర్డ్‌గా ఉంటాడు."

చెప్పనని మాటిచ్చాను.

వాళ్లమ్మ తలుపు దాకా వచ్చింది గానీ, అన్నయ్యా అనలేదు. "సరేనండీ" అంది. అప్పటినుంచి నేను ఆవిడకి 'అండీ'నే.

ఆ పిల్లకిచ్చిన మాట ఇప్పటిదాకా తప్పలేదు. మావాడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఇదంతా ఇక్కడ రాయగలుగుతున్నది ఆ ధైర్యంతోనే. అది కూడా ఒక రకం దొంగతనమేనని తెలుసు.

ఆ రోజు నేను ఇంటికొచ్చేసరికి వాడు గరాజ్ తలుపు ముందు టెన్నిస్ బంతి గోడకేసి కొడుతున్నాడు.

"నాన్నా, ఎక్కడికి వెళ్లావ్?"

"పాలకి."

నా ఖాళీ చేతుల వంక చూశాడు. "మరి పాలేవి?"

"మర్చిపోయాను."

వాడు పడీ పడీ నవ్వి, పద నేనూ వస్తానని కారెక్కాడు. దారిలో, ఆ ఆఖరి బ్యాటర్‌ని ఎలా అవుట్ చేశాడో మళ్లీ మొదటి బంతి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. "ఊఁ, తర్వాత?" అంటూ విన్నాను.