ఎల్లిస్ ఇచ్చిన తొమ్మిది మార్కులు

ఎల్లిస్ మెట్‌కాఫ్ ఎవరినీ పొగిడి ఎరగడు. మా స్కార్‌బెక్‌లో అది వింతేమీ కాదు. యార్క్‌షైర్ కొండల్లో పుట్టినవాళ్లం. బాగుంటే "పర్లేదు" అంటాం, మరీ బాగుంటే ఏమీ అనకుండా ఇంకాస్త పోయించుకుంటాం. "చాలా బాగుంది" అనే మాట మా ఊళ్లో ఒక్కచోటే వినిపిస్తుంది. సమాధి దగ్గర్నుంచి వచ్చాక, భర్త పోయిన ఆవిడ పెట్టిన ఎండిపోయిన శాండ్‌విచ్ తింటూ అంటాం. ఎందుకంటామో ఆవిడకీ తెలుసు.

ఎల్లిస్‌ది గోడలు కట్టే పని. సున్నమూ సిమెంటూ లేకుండా, రాయి మీద రాయి పేర్చి గొర్రెల మేతభూముల చుట్టూ మైళ్ల కొద్దీ కట్టాడు. కానీ ఊరికి అతని చేతుల కంటే ముక్కు మీద గురి. ఏటా డిసెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం జెరాల్డ్ ఆల్డర్సన్ బ్రూవరీ నుంచి చలి ఏల్ తొలి పీపా నా పబ్బుకి వచ్చేది. చలికాలానికి మాత్రమే కాచే బీరు, ముదురు తేనె రంగు. నేను పంపు లాగి మొదటి పింట్ గ్లాసు పోస్తే, ఎల్లిస్ దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసి, గ్లాసులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని ఒక్క గుక్క తాగేవాడు. ఆ తర్వాత ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ ఉండేది కాదు. చివరికి లేచి, గోడకున్న పలక మీద సుద్దతో పదికి ఇన్ని అని వేసేవాడు. ఒక సంవత్సరం మూడు వేశాడు. జెరాల్డ్ నెల్లాళ్లు మాట్లాడలేదు గానీ, మరుసటేడు బీరు మాత్రం మారింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆ పబ్బు నడిపాను. అందులో ఎల్లిస్ వేసిన పెద్ద మార్కు ఏడు. అది పంతొమ్మిది వందల ఎనభై ఒకటి డిసెంబరు. మంచు పడి తొమ్మిది రోజులు దారులన్నీ మూసుకుపోయాయి. రొట్టె లేదు, పాలు లేవు, బీరుకి మాత్రం లోటు లేదు. ఎల్లిస్ భార్య ఆనీ మగవాళ్ల మధ్య కూర్చునేది కాదు. నా వంటింట్లో పొయ్యి పక్కన చేరి తన గ్లాసు తాను తాగేది. పలక మీద ఏడు పడిందని చెప్పగానే మూతి తిప్పింది.

"ఏడా? నన్ను చేసుకున్న రోజు కూడా ఆరు దాటలేదు ఆయన!"

నవ్వలేక చచ్చాను. ఆ తొమ్మిది రోజుల్లాంటివి నా బతుకులో మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆ పబ్బులో ఎవరో కాపురం ఉంటున్నారు. అటు వెళ్లాల్సి వస్తే వీధి మారి పోతాను.

ఆనీ తొంభైలో పోయింది. తొంభై నాలుగు మార్చిలో జెరాల్డూ పోయాడు. లీడ్స్‌లో పంతులమ్మగా ఉన్న అతని కూతురు హెస్టర్ ఉద్యోగం మానేసి వచ్చి బ్రూవరీ తలకెత్తుకుంది. అయితే తండ్రి ఆసుపత్రిలో ఉన్న నెలన్నరా అక్కడ పొయ్యి రాజేసినవాళ్లు లేరు. నలభై ఏళ్లుగా ఒక కాపు నుంచి ఇంకో కాపుకి తోడు వేస్తూ వచ్చిన, ఆ బీరుకి తన రుచి ఇచ్చే ఈస్ట్ దాదాపు చచ్చిపోయింది. మిగిలిన గరిటెడు మడ్డిని ఆ పిల్ల చంటిబిడ్డని సాకినట్టు సాకింది.

"నోరా ఆంటీ, అది నాన్న ఈస్టో, గాల్లోంచి ఏదైనా వచ్చి పడిందో నాకు తెలీట్లేదు," అంది నాతో. "ఈ చలి ఏల్ నాన్నదైతే ఉంటాను. కాకపోతే కాగులు అమ్మేసి లీడ్స్ వెళ్లిపోతా. ఎల్లిస్ మామ ఒక్క మాట చెప్తే చాలు."

ఆ ఒక్క మాట ఎల్లిస్ చెప్పలేడని నాకొక్కదానికే తెలుసు. ఎందుకంటే ఆ అక్టోబరులోనే ఎల్లిస్ గోడ మీంచి జారి వెల్లకిలా పడ్డాడు, తల వెనక దెబ్బ తగిలింది. పది రోజుల్లో లేచి తిరిగాడు. ఓ సాయంత్రం నేను పొరపాటున అడుగంటిన పీపాలోది పోసిచ్చాను, పులిసి వెనిగర్ అయిపోయినది. ఎల్లిస్ దాన్ని నింపాదిగా సగం తాగాడు. నేను గ్లాసు లాక్కుని వాసన చూసి అతని మొహం చూశాను.

"ఎప్పట్నుంచి?"

"పడ్డ దగ్గర్నుంచి. ఇక రాదంట, డాక్టరు చెప్పాడు. బంగాళదుంపా సబ్బూ ఒకటే నాకు." తల వంచుకున్నాడు. "ఎవరితో అనకు నోరా. ఆనీ పోయింది. ఇదొక్కటే మిగిలింది నాకు."

ఊళ్లోకెల్లా ముక్కుసూటి మనిషికి ముక్కే పోయింది. మాటిచ్చాను. ఇచ్చాక మింగలేక కక్కలేక నెలన్నర గడిపాను.

శనివారం వచ్చింది. పబ్బు కిక్కిరిసింది. హెస్టర్ తలుపు పక్కన కోటు కూడా విప్పకుండా నిలబడింది. నేను పంపు లాగి గ్లాసు నింపాను. ఎల్లిస్ గ్లాసు ఎత్తాడు, చూశాడు, ముక్కు పెట్టాడు, కళ్లు మూశాడు. గుక్క తాగి వెంటనే లేచి పలక మీద తొమ్మిది వేశాడు.

"చాలా బాగుందమ్మా హెస్టర్," అన్నాడు. "చాలా బాగుంది."

పబ్బంతా చల్లబడిపోయింది. కసాయి డెంట్ ఒక్కడే గొణిగాడు, "అయ్యో, చావు పలకరింపు!"

హెస్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "థాంక్స్ మామా," అని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఎల్లిస్ నా వంక చూశాడు. "అదేంటి? మంచి మాటేగా అన్నాను?"

"అందుకే," అన్నాను. ఒళ్లు మండిపోయింది నాకు. "ఎనభై ఒకటిలో కూడా వాళ్ల నాన్నకి దక్కనిది దానికిచ్చావు. బీరు చచ్చింది, జాలిపడ్డావు అనుకుంది. రేపే కాగులు అమ్ముతుంది. నీ పరువు నువ్వే కూర్చుని తాగు!"

అతను వెంటనే చొక్కా చేత్తో పలక తుడిచి, గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మం దాటాడు. నేనూ వెనకే వెళ్లాను. హెస్టర్ ఖాళీ పీపాల దగ్గర నిలబడి ముక్కు తుడుచుకుంటోంది.

"నాకు వాసన తెలీదు పిల్లా," అన్నాడు ఎల్లిస్, గుమ్మంలోంచే, అందరికీ వినబడేట్టు. "అక్టోబరు నుంచీ తెలీదు. నీ బీరు ఎలా ఉందో నాకేం తెలుసు? అబద్ధం చెప్పాను."

హెస్టర్ అతనికేసి తిరిగింది.

"మరి నాకు ఎవరు చెప్తారు మామా?"

ఎల్లిస్ గ్లాసు నా చేతిలో పెట్టాడు. "నువ్వు తాగు నోరా. ఏం తగిలితే అది చెప్పు."

ముప్పై ఏళ్లు ఆ పంపు లాగాను గానీ, ఒక్కడూ నన్ను రుచి అడగలేదు. ఒక గుక్క తాగాను.

"ముందు మాడిన చక్కెర," అన్నాను.

"అది మాల్ట్, వేపిన బార్లీ. ఎవరు కాచినా వస్తుంది. తర్వాత?"

"కొంచెం చేదు... తర్వాత నారింజ తొక్క."

"ఎప్పుడు? నోట్లో ఉండగానా, మింగాకా?"

"మింగాక."

"మింగాక నాలిక చివర్న కాస్త పిడచగట్టుకుపోతోందా?"

"ఆఁ."

"అయితే నారింజ కాదది. నీకు పేరు తెలీక అంటున్నావు. అటక మీద క్రిస్‌మస్ దాకా దాచిన ఆపిల్, తొక్క ముడతలు పడ్డది. అది మాల్ట్‌లో రాదు, హాప్స్ పువ్వుల చేదులో రాదు. ఇంకోసారి చూడు, తొందర పడకు."

హెస్టర్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మళ్లీ తాగాను. ఈసారి కళ్లు మూసుకున్నాను. మింగి ఆగాను. వచ్చింది, మా అమ్మమ్మ అటక మీది ఆపిల్ బుట్ట మూత తీసినట్టు.

"ఉంది," అన్నాను. "ఆపిలే."

"జెరాల్డ్ ఈస్ట్ అది," అన్నాడు ఎల్లిస్. "నువ్వు చంపలేదు పిల్లా."