సారు మాట సారే పూర్తి చేయాలి

శుక్రవారం పొద్దున మా కంప్యూటర్ సారు సీతాఫల్‌మండిలోని ఇంట్లో పోయారు. సౌమ్యులు అని రాయను. అబద్ధం. రెజిమెంటల్ బజార్‌లో ట్రంకుపెట్టెల దుకాణం పైగదిలో మాకు ప్రోగ్రామింగ్ చెప్పే రోజుల్లో, ఎత్తుకొచ్చిన కోడ్ చూపిస్తే "నీది కాదా? మరి నీ పేరెందుకు రాసినవ్ రా?" అని కీబోర్డు లాక్కునేవారు.

తర్వాత నరాల జబ్బుతో చేతులు పడిపోయాయి. మాట పోయింది. రెప్పలు మిగిలాయి. ఒక కంపెనీవాళ్లు మెదడు సంకేతాలు చదివే టోపీ తెచ్చారు. తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. మనసులో అనుకున్నది వెలగ్గానే టోపీ పసిగట్టి దాన్ని రాస్తుంది. మొదటిరోజు ఏమీ రాలేదు. ఇంజనీరు తీగలన్నీ పీకి చూశాడు.

"పెద్దవాళ్లు వస్తున్నారు కదాని తలకి నూనె రాసి దువ్వానండీ," అన్నారు సారు భార్య, మా టీచరమ్మ, భయంగా.

ఆ నూనె పోయేలా తలంటు పోశాక మర్నాడు సారు రాసిన తొలి మాట: "నూనె బాగుండె."

వేగం పెంచుదామని, తర్వాతి మాటను ఊహించే ప్రోగ్రాం రాసి దానికి తగిలించాను. సారు "నాకు" అనగానే "నీళ్లు కావాలి" అని అదే ముగించింది. అందరం చప్పట్లు కొట్టాం. సారు గంటసేపు తంటాలుపడి రాశారు: "కోపం వచ్చింది అందామనుకున్న. నీళ్లిచ్చినవ్. తీసెయ్."

"జెర టైం బచాయిస్తది సార్!" అన్నాను.

"టైం నీది. మాట నాది."

నెల తిరగ్గానే కంపెనీ ఒప్పందం కాగితం తెచ్చింది. సారు మెదడు నుంచి రికార్డయ్యేదంతా కంపెనీ సొత్తట! స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కరపత్రాల్లో చదివిన నినాదాలన్నీ వాళ్లమీద అరిచాను. సారు రాశారు: "అరవకు. ఆ లైను కొట్టెయ్యమను."

కొట్టెయ్యం, టోపీ పట్టుకుపోతామన్నారు.

"సంతకానికి ఒప్పుకోండీ. నాతో మాట్లాడతారు కదా," అని టీచరమ్మ ఏడ్చారు. సారు చాలాసేపు ఆమెనే చూశారు. తర్వాత రాశారు: "పట్టుకపోనీ."

పాత రికార్డులు మా కళ్లముందు చెరిపించాకే వాళ్లని గుమ్మం దాటనిచ్చాం.

ఆ తర్వాత అక్షరాల అట్టమీద టీచరమ్మ వేలు కదిపితే సారు రెప్ప కొట్టేవారు. అలా ఒక్కో అక్షరం చెప్పి మాతో ప్రోగ్రాం రాయించారు: మామూలు వెబ్‌క్యామ్ రెప్పపాటును పట్టి అక్షరం ఎంచుకుంటుంది. ఊహించదు. ఎవరి సొత్తూ కాదు. కావాలంటే మీరూ తీసుకోండి.

గురువారం సాయంత్రం దాంతోనే "నాకు" అని రాసి అలసి ఆగారు.

సమాధి చేసి వచ్చాక చుట్టం ఒకాయన తెర చూసి, "నాకు శాంతి దొరికింది అని ఫోటో కింద రాయించండి," అన్నాడు.

"ఆయన అనలేదండీ," అన్నారు టీచరమ్మ.

కంప్యూటర్ ఎవరూ ఆపలేదు. "నాకు" పక్కన కర్సర్ వెలుగుతోంది, ఆరుతోంది.