అప్పలరాజు వీపు మీది పార

2023. కోవిడ్ తర్వాత సరిహద్దులు తెరుచుకుని ఏడాది దాటింది. మలేసియాలోని జార్జ్ టౌన్‌లో కొండలెక్కేవాళ్ల సామాను అమ్మే దుకాణం నాది. ఐసు తురిమి చేసే ఐస్ కచాంగ్ గిన్నెలో తప్ప మంచు కనబడని ఊరు మాది. అయినా ఆ ఏడు జపాన్ మంచుకొండలకు వెళ్తామంటూ వచ్చినవాళ్లతో దుకాణం ఖాళీ లేదు.

వాళ్లలో అప్పలరాజు ఒకడు. బాగన్ దాతుక్ ఎస్టేట్ కూలీల కుటుంబం, ఇప్పుడు ఫ్యాక్టరీలో ఇంజినీరు. వెంట భార్య సుజాత. ఈసారి బ్యాక్‌కంట్రీకి, అంటే కంచెలూ కాపలా లేని కొండల మీదికి, స్కీయింగ్‌కి వెళ్తున్నారు. అక్కడ మంచు చరియ విరిగిపడితే కూరుకుపోయినవాళ్లను తవ్వి తీయడానికి వాడేదే అవలాంచ్ షవల్. మనిషి ఎక్కడున్నాడో ట్రాన్స్‌సీవర్ చెబుతుంది, ఎంత లోతులో ఉన్నాడో ప్రోబ్ అనే పొడుగాటి కడ్డీ చెబుతుంది. బయటికి తీసేది మాత్రం పారే.

ప్లాస్టిక్ పార వద్దన్నాను. జారిపడిన మంచు గట్టిపడిపోతుంది, ప్లాస్టిక్ దాంట్లో దిగదు. అల్యూమినియం బ్లేడు, లాగితే పొడుగయ్యే పిడి, సంచిలో ఇమిడే సైజు చూసుకోమన్నాను. అన్నిటికీ బుద్ధిగా తలూపి, ఒక్కటి చాలన్నాడు.

ట్రాన్స్‌సీవర్లు రెండు, ప్రోబ్‌లు రెండు, పార ఒక్కటేనా? ఎందుకని అడిగాను.

"మా నాయనమ్మ ఎస్టేట్‌ల చంగ్కుల్ పట్టి పట్టి నడుం ఇరగ్గొట్టుకుందక్కా. మా ఇంట్ల ఆడోళ్లు పార ముట్టరు. తాత ఒట్టేసినాడు. నానే మోత్తాను లా."

చంగ్కుల్ మా తాతలు తోటల్లో వాడిన పార, మాట చివరి 'లా' ఇక్కడి మలయ్ అలవాటు. ఆ ఒట్టు వెనకున్న కన్నీళ్లు నాకు తెలియనివి కావు. అయినా ఒళ్లు మండిపోయింది.

"నీ సంచిల పార నీకు కాదు తమ్ముడూ. మంచుల పడ్డోడు తన్ను తాను తవ్వుకోలేడు. నువ్వు కూరుకుపోతే పార కూడా నీతోనే పోద్ది. ఈ పిల్ల ఏటి సేస్తాది, గోళ్లతో తవ్వుతాదా?"

గైడ్ ఉంటాడు కదా అని నవ్వాడు. గైడ్ కూడా కూరుకుపోతే? దానికీ నవ్వే. అతనికి అదొక మర్యాద, మగతనం. నాకు మాత్రం అది తన ప్రాణాన్నీ ఆమె ప్రాణాన్నీ గాలికొదిలేయడం. రెండు తీసుకుంటే ఇస్తాను, లేదంటే బయటికి నడవమన్నాను. అతని మొహం మాడిపోయింది.

ఈ తరంలో చాలామందిలాగే సుజాతకు తెలుగు అర్థమవుతుంది గాని పెద్దగా మాట్లాడదు. ఆమె గోడకున్న పార తీసి, పిడి లాగి, రెండు చేతులా పట్టుకుంది. మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ అంది.

"అక్కా, ఒకటే అయితే, నాకు ఇవ్వండి. ఆయన్ని తవ్వేది నేను."

అప్పలరాజు ఆమె వైపు తిరిగాడు. "మరి నిన్నెవలు తవ్వుతారు?" అన్నాడు.

"మీ ఇష్టం లా."

అతను గోడ మీంచి రెండో పార తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

అప్పటినుంచి ఎవరు పార అడిగినా, ఎవరితో వెళ్తున్నారో ముందు కనుక్కుంటాను. ఆ రెండో మనిషి వచ్చి నా ఎదుట పార పట్టుకుంటే తప్ప అమ్మను. "ఆవిడకెందుకులే" అనే మొగుళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. నా కోపం కూడా ఇప్పటికీ తగ్గలేదు.